గోషామహల్ బరిలో చంద్రముఖి

గత సంచికలో మెహదీ నవాజ్ జంగ్ కథ చెప్పుకున్నాం. బంజారాల తండాలు తప్ప మరేమీ లేని రాళ్ల గుట్టల మీద ఆయన ఇల్లు కట్టుకోవడం, 1933లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి ఆ ఇంట్లో బస చేయడం, ఆ వెనక సంపన్నులు ఒక్కొక్కరే కొండెక్కడం చూశాం. ఈసారి కాలంలో చాలా ముందుకు రావాలి. ఇప్పుడు బంజారా హిల్స్ అనగానే రోడ్ నంబరు 1 మీది షాపింగ్ మాల్స్, మలుపు మలుపునా సినిమా వాళ్ల బంగళాలు గుర్తొస్తాయి. వాటి వెనకే సింగాడికుంట, ఎన్‌బీటీ నగర్, ఇందిరానగర్ లాంటి బస్తీలున్నాయి. బంగళాల్లో పనిచేసే వాళ్లు, డ్రైవర్లు, షూటింగులకు వెళ్లే జూనియర్ ఆర్టిస్టులు ఉండేది అక్కడ. ఒకే పోలీస్ స్టేషన్ కింద రెండు ఊళ్లు.

ఆ బంజారా హిల్స్‌లో ఉంటున్న ఒక ట్రాన్స్ మహిళ 2018 చివర్లో తెలంగాణ శాసనసభకు పోటీ చేశారు. పేరు చంద్రముఖి మువ్వల. అప్పటికి ఆమె వయసు 32. టికెట్ ఇచ్చింది సీపీఎం నాయకత్వంలోని బహుజన లెఫ్ట్ ఫ్రంట్. పోటీ చేసిన చోటు గోషామహల్.

కెనడాలో, బ్రిటన్‌లో, న్యూజిలాండ్‌లో వామపక్షాల తరఫున నిలబడి, తామెవరో దాచుకోకుండా పార్లమెంటులో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి అక్కడ పుస్తకాలు వచ్చాయి. తెలుగు నేల మీద ఆ వరుసకు దగ్గరగా వచ్చే రాజకీయ జీవితం ఎక్కడుందని వెతికితే నాకు దొరికింది చంద్రముఖి కథే. స్వలింగ ప్రేమికులు వేరు, ట్రాన్స్‌జెండర్లు వేరు. ఒకటి ఎవరిని ప్రేమిస్తామన్న విషయం, రెండోది మనమెవరమన్న విషయం. కానీ మన దేశంలో శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఈ రెండు సమూహాలనూ ఒకే లాఠీతో కొట్టింది. హిజ్రాలు వీధిలో అందరికీ కనపడతారు కాబట్టి ఆ లాఠీ ముందుగా పడింది వాళ్ల వీపు మీదే. అందుకే ఈ రెండు కథలనూ విడదీసి చెప్పడం కుదరదు.

2018 సెప్టెంబరు 6వ తేదీ దగ్గర మొదలుపెడదాం. ఆ రోజు ఢిల్లీలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నవతేజ్ సింగ్ జోహార్ కేసులో, వయోజనులు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదని తీర్పు చెప్పింది. 1860 నుంచి ఉన్న 377వ సెక్షన్ ఆ మేరకు చెల్లకుండా పోయింది. అదే రోజు హైదరాబాద్‌లో కేసీఆర్ తెలంగాణ తొలి శాసనసభను గడువుకు ముందే రద్దు చేయించారు. మర్నాడు మన పత్రికల్లో పెద్ద అక్షరాలన్నీ రెండో వార్తవే. ఢిల్లీ తీర్పు ఎవరి బతుకును మార్చిందో వాళ్లలో ఒకరు ఆ రద్దు వల్ల వచ్చిన ఎన్నికలోనే అభ్యర్థి అవుతారని ఆ రోజున ఎవరూ ఊహించి ఉండరు.

ఇక్కడ హైదరాబాద్ చట్టం గురించి చెప్పాలి. ఇది తెలియకపోతే ఆ నామినేషన్ విలువ తెలియదు.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసిన చట్టమది. యానాదులు, ఎరుకలు, లంబాడీల పెద్దలు ఆ ముద్ర మోసిన రోజులను మన తాతల తరం చూసింది. ఆ చట్టంలో రెండో భాగం హిజ్రాల కోసమే రాశారు. బ్రిటిష్ ఇండియాలో ఆ భాగాన్ని 1911లో తీసేశారు. తీసేసిన ఎనిమిదేళ్లకు, ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో, నిజాం రాజ్యం అలాంటిదే సొంతంగా తయారు చేసుకుంది. ఫస్లీ 1329, అంటే 1919. ఆ చట్టం ప్రకారం పిల్లలను ఎత్తుకుపోతారనో, అంగవిచ్ఛేదం చేస్తారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు పోలీసులు ఒక రిజిస్టరులో రాసుకోవాలి. రిజిస్టరులో పేరున్న మనిషి ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనపడినా, బహిరంగంగా పాడినా, ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల దాకా జైలు.

పెళ్లి ఇంటి ముందు, పురుడొచ్చిన ఇంటి ముందు పాడి బధాయి, అంటే శుభకార్యపు కానుక, అడగడం హిజ్రాల తరతరాల జీవనం. చట్టం ఆ పాటనే నేరం చేసింది.

నిజాం రాజ్యం పోయింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. 1952లో నేరస్థ జాతుల చట్టాన్ని దేశమంతటా ఎత్తేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో తెలంగాణ ఏర్పడింది. ఈ 1919 చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ, తెలంగాణ ప్రాంతానికి వర్తించే చట్టాల జాబితాలో అలాగే కూర్చుంది. ఆంధ్ర మహాసభను నడిపిన వాళ్లు, సాయుధ పోరాటం చేసిన వాళ్లు, ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చిన వాళ్లు ఉన్న నేల ఇది. ఇన్ని తరాల్లో ఈ చట్టం ఒకటుందని సభలో లేచి అడిగిన గొంతు మనకు గుర్తులేదంటే, ఆ సభలో ఎవరు లేరో అర్థమవుతుంది.

హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల జీవితం మీద మానవ శాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి ఏళ్ల తరబడి పరిశోధించి 2005లో ఇంగ్లిషులో ఒక పుస్తకం వెలువరించారు. గురువు, చేలా (శిష్యురాలు) అన్న కట్టుబాటు, ఎవరి ఇల్లు ఏ పరంపరకు చెందినది, ఆ వ్యవస్థలో మర్యాద అంటే ఏమిటి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ పరిశోధన చదివితే ఒక విషయం తేలుతుంది. హిజ్రాలు దిక్కులేని గుంపు కాదు, తమ నియమాలు, పంచాయితీలు, వారసత్వాలు ఉన్న సమాజం. అయితే ఆ కట్టుబాటు బయటి దాడి నుంచి కాపాడలేకపోయిన కాలం 2014, 2015లో వచ్చింది. నగరంలో హిజ్రాలు, ట్రాన్స్ మహిళల మీద వరుసగా దాడులు జరిగాయి. హత్య దాకా వెళ్లింది. ఫిర్యాదుకు వెళితే వినే నాథుడు లేడు. ఆ కోపంలోంచి పుట్టింది తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి. రచన ముద్రబోయిన, వైజయంతి వసంత మొగ్లి లాంటి వాళ్లతో పాటు చంద్రముఖి కూడా ఆ తరం కార్యకర్తే. ధర్నా చౌక్‌లో కూర్చోవడం, సమాచార హక్కు దరఖాస్తులు పెట్టడం, పోలీస్ స్టేషన్ ముందు నిలబడి ఎఫ్ఐఆర్ రాయించడం వాళ్ల పని. ఆ రోజుల్లోనే రచన బృందం ట్రాన్స్ విజన్ పేరుతో తెలుగు సహా మూడు భాషల్లో యూట్యూబ్ ఛానెల్ నడిపి, హిజ్రాల గురించి జనంలో ఉన్న అపోహలకు ఓపికగా జవాబులు చెప్పింది.

ఈ సమితి చేతికి అప్పటికే ఒక ఆయుధం ఉంది. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల ధర్మాసనం, ఒక మనిషి తాను స్త్రీనా, పురుషుడా, మూడో వర్గమా అన్నది తానే చెప్పుకోవచ్చని, దానికి శస్త్రచికిత్స షరతు కాదని తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గంగా గుర్తించి రిజర్వేషన్లు ఇవ్వమంది. విచిత్రమేమంటే దానికి నాలుగు నెలల ముందే, 2013 డిసెంబరు 11న, అదే సుప్రీంకోర్టు కౌశల్ కేసులో 377ను నిలబెట్టింది. ఆ సెక్షన్ వల్ల ఇబ్బంది పడేవాళ్లు దేశ జనాభాలో అతి కొద్దిమంది అన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. అంటే 2014 నుంచి 2018 దాకా ఒక ట్రాన్స్ మహిళ రాజ్యాంగం ముందు పౌరురాలు, ఆమె ప్రేమ మాత్రం శిక్షాస్మృతి ముందు నేరం. హైదరాబాద్‌లో అయితే ఆమె పాట కూడా.

ఇక వామపక్షాల సంగతి. 2018లో తెలంగాణలో కమ్యూనిస్టులు రెండు దారులు పట్టారు. సీపీఐ కాంగ్రెస్, తెలుగుదేశం, కోదండరామ్ గారి జన సమితితో కలిసి మహాకూటమిలో చేరింది. సీపీఎం మాత్రం ఆ ఏడాది మొదట్లోనే చిన్నచిన్న దళిత, బహుజన పార్టీలను, సామాజిక సంఘాలను కలుపుకుని బహుజన లెఫ్ట్ ఫ్రంట్‌ను ఏర్పాటు చేసింది. అప్పటి రాష్ట్ర కార్యదర్శి తమ్మినేని వీరభద్రం దానికి ముందు నిలిచారు. అంతకుముందు ఆయన నెలల తరబడి రాష్ట్రమంతా పాదయాత్ర చేశారు. వర్గం ఒక్కటే చాలదు, కులం ప్రశ్న, సామాజిక న్యాయం జెండా మీదికి రావాలన్నది ఫ్రంట్ మాట. తెలుగు నేలపై కమ్యూనిస్టులు ఈ మాట చాలా ఆలస్యంగా అన్నారు. అయినా అన్నారు. టికెట్లలో బీసీలకు పెద్దపీట వేశారు. ఆ లెక్కలోనే ఒక ట్రాన్స్ మహిళకు చోటు దొరికింది. పార్టీ జాతీయ స్థాయిలో 2014 ఎన్నికల ప్రణాళికలోనే 377 సవరణకు మద్దతు పలికింది కాబట్టి ఇది ఉన్నట్టుండి పుట్టిన ఆలోచన కాదు. కానీ ప్రణాళికలో వాక్యం రాయడం వేరు, నామినేషన్ పత్రం మీద ఒక హిజ్రా పేరు రాయించడం వేరు. ఈ రెండో పని చేసినందుకు బీఎల్ఎఫ్‌కు చరిత్రలో ఒక వాక్యమైనా దక్కాలి.

దక్కాక నా విమర్శ కూడా చెప్పాలి. ఆమెకు ఇచ్చిన చోటు గోషామహల్. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలు, ధూల్‌పేట విగ్రహాల తయారీదారులు, మంగళ్‌హాట్, జుమ్మెరాత్ బజార్ ఉన్న నియోజకవర్గం. అప్పటి ఎమ్మెల్యే బీజేపీకి చెందిన రాజాసింగ్. ఆయన ప్రసంగాల సంగతి రాష్ట్రానికంతటికీ తెలుసు. కాంగ్రెస్ తరఫున మాజీ మంత్రి ముఖేశ్ గౌడ్, టీఆర్ఎస్ తరఫున ప్రేంసింగ్ రాథోడ్ బరిలో ఉన్నారు. వామపక్షానికి అక్కడ చెప్పుకోదగ్గ యూనియన్ బలం గానీ, బస్తీ కమిటీలు గానీ లేవు. చంద్రముఖి నివాసం అక్కడ కాదు. ద్వేష రాజకీయాలకు ఎదురుగా సమాజం అంచున ఉన్న మనిషిని నిలబెట్టడంలో ఒక స్పష్టమైన రాజకీయ అర్థం ఉంది, కాదనను. కానీ గెలవలేని చోట నిలబెట్టిన అభ్యర్థికి పార్టీ తన సొంత బలం ఎంత అప్పిస్తుందన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న కమ్యూనిస్టులకు ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు. 1952లో తొలి సాధారణ ఎన్నికల్లో, హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉన్నందువల్ల పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఆ ఓట్లు ఎన్నికల నెలలో రాలేదు. ఊరూరా సంఘం పెట్టి, వెట్టి చాకిరీని ఆపించి, దొరల గడీల ముందు నిలబడిన పదేళ్ల కష్టం అది. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవి శాసనసభకు వెళ్లినా ఆయన వెనక హైదరాబాద్ కార్మిక సంఘాలున్నాయి. అలాంటి నిర్మాణం లేని చోట ఎంత మంచి అభ్యర్థి అయినా ఒంటరే.

చంద్రముఖి నామినేషన్ వేశారు. ప్రచారం మొదలుపెట్టారు. ఎప్పుడూ దుకాణం ముందు చేయి చాచే మనుషులుగానే చూసిన వీధుల్లోకి ఒక హిజ్రా చేతులు జోడించి ఓటు అడగడానికి రావడం బేగంబజార్ చూసింది. జాతీయ పత్రికలు రాశాయి, టీవీ వాళ్లు వెంట నడిచారు.

నవంబరు 27, మంగళవారం. పోలింగ్‌కు పది రోజులు. ఆ ఉదయం నుంచి ఆమె కనిపించలేదు. ఫోన్ పలకలేదు. తోటి కార్యకర్తలు బంజారా హిల్స్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేశారు. పోలీసులు మిస్సింగ్ కేసు నమోదు చేసి, సీసీ కెమెరాల్లో ఆమె తనంతట తాను నడిచి వెళ్తున్నట్టు ఉందన్నారు. సమితి వాళ్లకు ఆ మాట మింగుడు పడలేదు. కుటుంబం తరఫున హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. అప్పటికి రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకటే హైకోర్టు, అది హైదరాబాద్‌లోనే ఉండేది. అభ్యర్థిని వెతికి తమ ముందు హాజరుపరచాలని కోర్టు పోలీసులను ఆదేశించింది. బుధవారం రాత్రి చంద్రముఖి తన న్యాయవాదితో బంజారా హిల్స్ స్టేషన్‌కు వచ్చారు. గురువారం హైకోర్టు ముందుకు వెళ్లారు. తనను బెదిరించి తీసుకెళ్లారన్నది ఆమె మాట.

ఆ రెండు రోజులు నాకు ఆ ఎన్నికంతటిలోకీ ముఖ్యమైనవిగా కనిపిస్తాయి. ఒక హిజ్రా కనిపించకుండా పోతే అంతకుముందు ఈ నగరంలో ఏం జరిగేది? ఫిర్యాదు రాసుకోవడానికే గంటలు పట్టేది, ఎక్కడికో పోయుంటుందిలే అని పంపించేవాళ్లు. 2014, 2015 దాడుల కాలంలో సమితి పోరాడింది దాని మీదే. 2018 నవంబరులో మాత్రం ప్రత్యేక బృందాలు వెతికాయి, హైకోర్టు తేదీ పెట్టి అడిగింది. కారణం ఆమె అభ్యర్థి. ఎన్నికల సంఘం రికార్డుల్లో పేరున్న మనిషి. ఒక టికెట్ అంత పని చేసింది. టికెట్ లేని రోజుల్లో, టికెట్ లేని వాళ్లకు అదే పరుగు ఎందుకుండదన్న ప్రశ్న ఆ కేసు ఫైలులో ఎక్కడా రాసి ఉండదు.

డిసెంబరు 7న పోలింగ్. 11న లెక్కింపు. కౌశల్ తీర్పు వచ్చి సరిగ్గా అయిదేళ్లు. రాజాసింగ్ గెలిచారు. రాష్ట్రం మొత్తంలో బీజేపీకి వచ్చిన ఒకే ఒక్క సీటు అది. చంద్రముఖికి చాలా తక్కువ ఓట్లు వచ్చాయి, డిపాజిట్ దక్కలేదు. బీఎల్ఎఫ్‌కు ఒక్క స్థానం కూడా రాలేదు. కూటమిలో చేరిన సీపీఐకీ రాలేదు. సీపీఐ గానీ సీపీఎం గానీ లేని శాసనసభను తెలంగాణ చూడటం అదే మొదలు.

ఓట్ల లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 4,87,803 మంది ఇతరులు అన్న గడిలో నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 43,769. ఆ సంఖ్య కూడా అసలు కంటే తక్కువేనని సంఘాల వాదన. మరి 2018లో తెలంగాణ ఓటర్ల జాబితాలో మూడో వర్గం కింద ఉన్నవాళ్లు మూడు వేల లోపే. ఎందుకంటే ఓటరు కార్డుకు చిరునామా కావాలి. పదిహేనేళ్లకే ఇల్లు వదిలిన పిల్లకు, గురువు ఇంట్లో పెరిగిన చేలాకు, అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారు? బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, మనిషికి ఇంకో పేరు. చాలామంది పాత మగ పేరుతోనే జాబితాలో మిగిలిపోయారు, ఇంకా ఎక్కువమంది అసలు లేరు. తన వాళ్లకు ఓటే లేని అభ్యర్థిగా ఆమె బరిలో దిగారు.

ఫలితాలొచ్చిన ఆరు రోజులకు, డిసెంబరు 17న, లోక్‌సభ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల బిల్లును ఆమోదించింది. 2015లో రాజ్యసభలో డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ ప్రైవేటు బిల్లు గెలిచింది. 45 ఏళ్లలో ఒక ప్రైవేటు సభ్యుని బిల్లు సభ దాటడం అదే తొలిసారి. ఆ మంచి బిల్లును పక్కన పెట్టి ప్రభుత్వం తెచ్చినది ఇది. మనిషి తానెవరో తేల్చడానికి జిల్లా స్క్రీనింగ్ కమిటీ, భిక్షాటన చేయిస్తే శిక్ష అన్న నిబంధనలు అందులో ఉన్నాయి. హైదరాబాద్ సమితి సహా దేశమంతా వీధుల్లోకి వచ్చారు. ఆ బిల్లు రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది. 2019లో మళ్లీ తెచ్చినప్పుడు ఆ రెండు నిబంధనలు లేవు. కానీ ట్రాన్స్ మహిళ మీద లైంగిక దాడికి గరిష్ఠంగా రెండేళ్ల శిక్షే అన్న మాట మిగిలింది. ఈ చర్చలు జరిగిన ఏ సభలోనూ ఆ చట్టం ఎవరి మీద అమలవుతుందో వాళ్లు సభ్యులుగా లేరు.

ఉంటే ఏమవుతుందో న్యూజిలాండ్ చూపించింది. జార్జినా బేయర్ మావోరీ ట్రాన్స్ మహిళ. యవ్వనంలో వెల్లింగ్టన్ వీధుల్లో ఒళ్లమ్ముకుని బతికిన మనిషి. తర్వాత నటి అయ్యారు. కార్టర్టన్ అనే చిన్న వ్యవసాయ పట్నంలో స్థిరపడి 1993లో కౌన్సిల్ సభ్యురాలిగా, 1995లో మేయర్‌గా గెలిచారు. 1999లో లేబర్ పార్టీ తరఫున వైరరాపా నుంచి పార్లమెంటుకు వెళ్లారు. అది ఛాందస భావాలున్న గ్రామీణ ప్రాంతం. 2003లో సెక్స్ వర్కర్లను నేరస్థులుగా చూడటం ఆపే బిల్లు సభకు వచ్చినప్పుడు ఆమె లేచి, ఆ వృత్తిలో తన మీద జరిగిన అత్యాచారాన్ని, ఆనాడు పోలీసుల దగ్గరకు వెళ్లలేకపోయిన కారణాన్ని సభ ముందు పెట్టారు. బిల్లు 60 ఓట్లకు 59తో, ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. కెనడాలో స్వెండ్ రాబిన్సన్ 1979లో న్యూ డెమొక్రటిక్ పార్టీ ఎంపీగా గెలిచి, 1988లో టీవీలో తాను స్వలింగ ప్రేమికుడినని చెప్పారు. ఆ ఏడాదే జరిగిన ఎన్నికలో బర్నబీ ఓటర్లు ఆయన్ను మళ్లీ గెలిపించారు. ఆ తర్వాత పదహారేళ్లు సభలో ఉండి, స్వలింగ ప్రేమికుల మీద ద్వేష ప్రచారాన్ని నేరం చేసే చట్టాన్ని తన ప్రైవేటు బిల్లుతోనే తెచ్చారు.

వీళ్లిద్దరూ ఎన్నికల నెలలో దొరికిన అభ్యర్థులు కారు. రాబిన్సన్ ఎవరో చెప్పేనాటికి తొమ్మిదేళ్లుగా ఆ ఊరి ఎంపీ. బేయర్ పార్లమెంటు గడప తొక్కేముందు తన ఊళ్లో ఆరేళ్లు నీళ్లు, రోడ్లు, చెత్త సంగతి చూశారు. మన దేశంలోనూ గెలిచిన ట్రాన్స్ ప్రతినిధుల దారి ఎక్కువగా ఊరి స్థాయిదే. 2000 ప్రాంతంలో గోరఖ్‌పూర్‌లో ఆశాదేవి, 2015లో రాయగఢ్‌లో మధు కిన్నర్ మేయర్లయ్యారు. కట్నీలో కమలా జాన్ మేయర్‌గా గెలిచినా, అది మహిళలకు కేటాయించిన స్థానం, ఆమె మగ మనిషి అంటూ ఎన్నికను కొట్టేశారు. నల్సా తీర్పు ముందటి కాలపు అన్యాయమది. శాసనసభ దాకా వెళ్లింది మధ్యప్రదేశ్‌లో సోహాగ్‌పూర్ నుంచి స్వతంత్రంగా గెలిచిన షబ్నం మౌసీ. వీళ్లలో ఎవరికీ పెద్ద పార్టీ అండ లేదు. పార్టీ అండ ఉన్న చంద్రముఖికి ఊళ్లో పనిచేసిన కాలం లేదు. ఈ రెండూ ఒక్క మనిషికి దొరికే రోజు కోసం వామపక్షం బంజారా హిల్స్ బస్తీల్లో, కార్పొరేషన్ వార్డు స్థాయిలో పని మొదలుపెట్టి ఉంటే నేను ఈ వ్యాసాన్ని వేరేగా రాసేవాణ్ని. అప్పట్లో 150 వార్డులున్న హైదరాబాద్‌లో ఒక్క వార్డును అయిదేళ్ల ముందే ఎంచుకుని, అక్కడి హిజ్రాలకు ఓటరు కార్డులు ఇప్పించడంతో ప్రారంభించడం ఏ పార్టీకీ భారం కాదు.

బరిలో దిగే ధైర్యం మాత్రం ఆగలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరి నుంచి, నారా లోకేశ్ పోటీ చేసిన స్థానంలోనే, తమన్నా సింహాద్రి స్వతంత్రంగా నిలబడ్డారు. 2023లో వరంగల్ తూర్పులో బీఎస్పీ చిత్రపు పుష్పిత లయకు టికెట్ ఇచ్చింది. ఇద్దరూ గెలవలేదు. ఎన్నికల బయట కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 2022 నవంబరులో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్, ఉస్మానియా ఆస్పత్రిలో ప్రభుత్వ కొలువులో చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఏ సిగ్నళ్ల దగ్గర పోలీసులు వాళ్లను తరిమేవాళ్లో అలాంటి సిగ్నళ్ల దగ్గరే ఇప్పుడు యూనిఫాంలో నిలబడి వాహనాలు ఆపుతున్నారు.

1919 చట్టం సంగతి కోర్టులోనే తేలింది. దాని మీద వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసిన ఏడాది కూడా 2018. అంటే చంద్రముఖి గోషామహల్‌లో ఓట్లు అడుగుతున్న నెలల్లో, ఆడవాళ్ల దుస్తుల్లో వీధిలో కనపడిన హిజ్రాను అరెస్టు చేయవచ్చన్న చట్టం పుస్తకంలోంచి ఇంకా పోలేదు, అది చెల్లుతుందా లేదా అన్నది అదే హైకోర్టులో విచారణలో ఉంది. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డిల ధర్మాసనం ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒక సమూహం మొత్తాన్ని నేరస్థులుగా చూడటం మనిషి గౌరవాన్నే కాలరాయడమని తేల్చి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని, విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు కల్పించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. నూట నాలుగేళ్ల చట్టం పోవడానికి శాసనసభలో ఒక్క ఓటు కూడా పడలేదు. పిటిషన్ వేసిన వాళ్లలో ముందున్న వైజయంతి, చంద్రముఖి తరం సమితి మనిషే.

(వచ్చే సంచికలో: అక్కినేని రాళ్లగుట్ట మీద అన్నపూర్ణ స్టూడియో కట్టిన రోజులు)